పెరటి గదిలో ఎవరు నిలబడతారు?

2023 వేసవిలో మా పెరటి గదిలో వాషింగ్ మెషిన్ పెట్టించాం. ఇది ఈ పత్రికలో రాయవలసిన విషయమేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. వరకట్న కేసులు, భూమి హక్కులు, మహిళా కోర్టుల గురించి రాసుకునే పేజీల్లో బట్టలుతికే యంత్రం సంగతేమిటి? కానీ దాన్ని ఏ గదిలో పెట్టాలి, ఏ గోడ పక్కన పెట్టాలి, ఏ వైరు లాగాలి అన్న దాని మీద మా ఇంట్లో మూడు వారాలు వాదనలు నడిచాయి. నేను ఇరవై ఏళ్ళుగా ఊళ్ళు తిరిగి చెప్పిన శిక్షణ తరగతుల్లో నాకు తట్టని విషయాలు ఆ మూడు వారాల్లో తట్టాయి. అందుకని రాస్తున్నాను.

మాది తెనాలికి దగ్గర్లో ఒక పల్లెటూరు. ఇల్లు మా ఆయన తాతగారు కట్టించింది. పైన పెంకులు, కింద నాపరాళ్ళు. ముందు వీధి అరుగు, తర్వాత సావిడి, రెండు పడక గదులు, దేవుడి గది, వంటిల్లు, ఆ వెనక వసారా. వసారా దిగితే పెరడు. పెరట్లో బావి, బావి పక్కన ఉతుకుడు బండ, దానికి అవతల ఇంటికి అంటకుండా విడిగా ఒక చిన్న గది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుందేమో. ఇప్పుడు దాన్ని కొట్టుగది అంటున్నాం. కొన్నాళ్ళు ఎరువు బస్తాలున్నాయి అందులో. ఆ తర్వాత విరిగిన కుర్చీలు, పాత పెట్టెలు. అంతకు ముందు మాత్రం అది మా ఇంటి ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు ఉండవలసిన గది.

నేను 1989లో కాపురానికి వచ్చాను. రెండేళ్ళ పాటు నెలకి మూడు రోజులు ఆ గదిలో పడుకున్నాను. నాకొక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. అన్నం గుమ్మం దాకా తెచ్చి దించి వెళ్ళేవారు. గోడలో దీపం పెట్టుకునే గూడు ఉంది గానీ కిటికీ లేదు. పెరటి వైపు తలుపు, అంతే. వేసవిలో తలుపు తీస్తే దోమలు, మూస్తే ఉక్క. నాకు ఉద్యోగం వచ్చి తెనాలికి రోజూ వెళ్ళిరావడం మొదలయ్యాక ఆ ఆచారం దానంతటదే సడలిపోయింది. ఎవరూ ఉద్యమం చేయలేదు. జీతం ఇంటికొస్తుంటే మైల కాస్త తగ్గుతుందని అప్పుడే అర్థమైంది నాకు. మా అత్తయ్య మాత్రం ఆ గదిలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కపెట్టుకుంది.

వంటింటి గురించి మనం చాలా రాసుకున్నాం. పొగ గురించి, పొయ్యి గురించి, చివర తినే మనిషి గురించి. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు పొగ పోయింది గానీ పొయ్యి ముందు నిలబడే మనిషి మారలేదని కూడా రాసుకున్నాం. పెరడు గురించి మాత్రం తక్కువ రాశాం. అంట్లు, బట్టలు, బావి, దొడ్డి, మైల, బాలింత గుడ్డలు, ఇవన్నీ అక్కడివి. ఇంటి పెద్దలు పెరట్లోకి వచ్చేది స్నానానికీ పళ్ళు తోముకోవడానికీ మాత్రమే. అక్కడ జరిగే పని వాళ్ళ కళ్ళకు కనబడదు. పట్నాల్లో అపార్టుమెంట్లు కట్టే వాళ్ళు ఇదే పెరడుని కోసి కోసి మూడడుగుల బాల్కనీ చేసి దానికి యుటిలిటీ అని పేరు పెట్టారు. అక్కడ నిలబడి ఉతికే మనిషి తిరగడానికి చోటుందా అని ఆ ప్లాను గీసినతను ఎప్పుడూ అనుకుని ఉండడు.

ఇంతకీ మెషిన్ అక్కడే ఎందుకు పెట్టాం? ఇంట్లో పెట్టకూడదా అని నేను అడిగాను. వసారాలో ఒక మూల చోటుంది. అక్కడ చప్పుడవుతుంది, నీళ్ళు జారతాయి, గోడలు చెమ్మగిల్లుతాయి అన్నారు మా ఆయన. ఇవేమీ అబద్ధాలు కావు. పాత సున్నపు గోడ చెమ్మ పీల్చిందంటే రెండు వానాకాలాల్లో పెచ్చులూడుతుంది. పెరటి గది అయితే నీళ్ళు తూములోంచి నేరుగా అరటి మొక్కలకి పోతాయి, దండెం దగ్గర, ఎండ దగ్గర. ఇన్ని మంచి కారణాలున్నాయి కాబట్టి అసలు కారణం ఎవరూ పైకి చెప్పనక్కర్లేకపోయింది. ఊరి నుంచి వచ్చిన మా ఆడపడుచు ఒక్కతే నోరు జారింది. "అందరి విడిచిన బట్టలూ ఇంటి నడిమధ్యకి తెస్తారా వదినా?" అని.

కొనడానికి గుంటూరు వెళ్ళాం. దుకాణంలో అబ్బాయి మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న కుటుంబంలో ఎంతమంది అని కాదు. "మీరు వాడతారా మేడమ్, పనామె వాడుతుందా?" పనామె అయితే సెమీ ఆటోమేటిక్ చాలట. అందులో రెండు తొట్లుంటాయి. ఒకదాంట్లో ఉతికాక తడిబట్టలు చేత్తో తీసి రెండో తొట్లో వేసి పిండించాలి. నీళ్ళు మనమే పట్టాలి, మనమే వదలాలి. అంటే మనిషి దాని పక్కనే నిలబడాలి. ధర మాత్రం తక్కువ. ఇంట్లో ఇల్లాలు వాడుకునేదైతే పూర్తి ఆటోమేటిక్ తీసుకోమన్నాడు. మీట నొక్కి వెళ్ళి టీవీ చూసుకోవచ్చునట. ఆ అబ్బాయిది తప్పని నేను అనను. రోజూ వచ్చే వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటే అతను మాకు అప్పజెప్పాడు. ఎవరి నడుముకి ఎంత ఖరీదో ఆ దుకాణంలో వరుసగా పేర్చి పెట్టి ఉంది, అంతే. మేము పై నుంచి బట్టలు వేసే పూర్తి ఆటోమేటిక్ తీసుకున్నాం. ముందు తలుపుండే రకానికి నీళ్ళు బాగా తక్కువ పడతాయి గానీ ప్రతిసారీ వంగాలి. ఆమెకు నడుము నొప్పి ఉంది.

ఆమె అంటే మా ఇంట్లో పనిచేసే మనిషి. పనిమనిషి అన్న మాట మనం మీటింగుల్లో వాడటం మానేశాం, గృహ కార్మికురాలు అంటున్నాం. మా ఊళ్ళో ఆ మాట అంటే ఆమే నవ్వుతుంది. పేరు రాయను, ఆమెను అడగలేదు కనుక. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నేను ఆమెను నువ్వు అంటాను, ఆమె నన్ను అమ్మగారూ అంటుంది. ఈ విషయం కూడా నాకు ఇది రాస్తుంటేనే గుచ్చుకుంది, దాచడమెందుకు.

ఆమె తల్లి మా ఇంటి చాకలి. కళ్ళం దగ్గర కొలిచే గింజలకీ, రాత్రిపూట గిన్నెలో పెట్టే అన్నానికీ ఇంటెడు బట్టలు మూట కట్టుకుని రేవుకి తీసుకెళ్ళేది. బానలో ఉడకబెట్టి, చవుడు పెట్టి, బండకేసి బాది, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చేది. ముట్టు గుడ్డలూ పురిటి గుడ్డలూ ముట్టుకునే హక్కు, అది హక్కే అయితే, ఊరంతటికీ వాళ్ళదే. పెరటి గది దగ్గరకి వచ్చి మా అత్తయ్య చేతి గుడ్డల మూట తీసుకెళ్ళింది ఆవిడే. కాలవలు మురికై, రేవు పోయి, గింజలు కొలిచే కౌలు రైతు మారిపోయాక కూతురు నెల జీతానికి ఇళ్ళల్లో పనికి కుదిరింది. మెషిన్ పెట్టేందుకు ఆ గది కడుగుతున్న రోజు గడప దగ్గర ఆగి, "మా అమ్మ ఇక్కడిదాకానే వచ్చేదమ్మగారూ, లోపలికి నేనే మొదలు" అంది. ఎగతాళిగా అనలేదు, బాధగానూ అనలేదు. చీపురు పుచ్చుకుని లోపలికెళ్ళింది.

ఇక కరెంటు సంగతి. ఇది కాస్త వివరంగా రాస్తాను. మనం ఈ విషయాలు మగవాళ్ళకి వదిలేస్తాం, వాళ్ళు కరెంటు పని అబ్బాయికి వదిలేస్తారు, అతను దేవుడికి వదిలేస్తాడు.

మా ఇల్లు పాతది. వైరింగంతా చెక్క పట్టీల మీద లాగిన రెండు తీగలే. ఒకటి కరెంటు తెచ్చేది, రెండోది తిరిగి పట్టుకెళ్ళేది. మూడో తీగ, అదే ఎర్త్, ఆ రోజుల్లో వేయలేదు. బల్బుకీ ఫ్యానుకీ అప్పట్లో అది లేకుండానే సరిపెట్టుకున్నారు. నీళ్ళతో పనిచేసే రేకు యంత్రానికి అలా కుదరదు. మెషిన్ ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి, అందులో లావుగా పొడుగ్గా ఉండేది ఎర్త్‌ది. లోపల ఎక్కడైనా తీగ పొర ఊడి రేకుకి తగిలితే ఆ కరెంటుని భూమిలోకి తీసుకుపోవడమే దాని పని. ఆ దారి లేకపోతే కరెంటు మరో దారి వెతుక్కుంటుంది. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి మెషిన్ మీద చెయ్యి వేసిన మనిషే ఆ దారి.

అబ్బాయి వసారాలోంచి రెండు తీగలు లాగి మూడు చిల్లుల సాకెట్టు బిగించాడు. మూడో చిల్లు వెనక ఏమీ లేదు. చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మొదటి రోజు ఆమె బట్టలు తీస్తూ చెయ్యి వెనక్కి లాక్కుంది. "చురుక్కుమంటోందమ్మగారూ." నేను టెస్టర్ పెట్టి చూశాను, వెలిగింది. మళ్ళీ అబ్బాయిని పిలిపిస్తే, దానికేముందంటూ సాకెట్టు విప్పి ఎర్త్ చిల్లునీ న్యూట్రల్ చిల్లునీ చిన్న తీగ ముక్కతో కలిపేశాడు. చురుక్కుమనడం ఆగింది. అందరూ ఇలాగే చేస్తారండీ అన్నాడు. చేస్తారు, నిజమే. మీ ఇళ్ళల్లోనూ చేసి ఉండవచ్చు, ఒకసారి విప్పించి చూడండి. ఆ న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగిందంటే మెషిన్ రేకంతా కరెంటవుతుంది. పాత ఇళ్ళల్లో, ఎలుకలు తిరిగే చోట, అది తెగడం పెద్ద వింతేమీ కాదు. ఈసారి చురుక్కుమనదు, పట్టేసుకుంటుంది.

సరిగ్గా చేయాలంటే ఏం కావాలో తెనాలిలో మా ఆఫీసు వైరింగ్ చేసిన పెద్దాయన చెప్పారు. పెరట్లో గొయ్యి తీసి ఇనప గొట్టం దించాలి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా వేయాలి, దాని నుంచి గది దాకా విడిగా ఒక తీగ తేవాలి. వేసవిలో ఆ గొయ్యిలో అప్పుడప్పుడూ నీళ్ళు పోయాలి. మెయిన్ దగ్గర ఒక ప్రత్యేకమైన స్విచ్చు పెట్టించాలి. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టినా కన్ను మూసి తెరిచేలోగా సరఫరా తెంచేస్తుంది అది. అన్నీ కలిపి తొమ్మిది వేలన్నారు.

మా ఆయన చెడ్డవారు కారు. ఇంట్లో నన్నెప్పుడూ ఒక మాట అనలేదు, నా ఉద్యమాల గురించి బయట గొప్పగానే చెప్పుకుంటారు. తొమ్మిది వేలనగానే మాత్రం, "అంత దండగెందుకు? చెప్పులేసుకుని చెయ్యమను" అన్నారు.

నాకు చాలాసేపు నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె చెప్పులు మా గేటు బయట విడిచి వస్తోంది. పెరట్లోకైనా చెప్పులతో రాకూడదన్నది ఈ ఇంటి కట్టుబాటు. ఎవరూ నోటితో చెప్పనక్కర్లేని కట్టుబాటు. మట్టి మీద, పాకుడు మీద, ఎండలో కాలే నాపరాళ్ళ మీద వట్టి కాళ్ళతో తిరిగిన మనిషికి ఇవాళ తొమ్మిది వేలు మిగులుతాయంటే చెప్పులు గుర్తొచ్చాయి మాకు. అదే మాట ఆయనతో అన్నాను. ఆ గదిలో నేను నిలబడితే ఎర్త్ వేయిస్తారా, వేయించరా అని కూడా అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు గొయ్యి తవ్వించారు. ఆ ప్రశ్న నేను అలా అడగాల్సి వచ్చినందుకు నాకు ఇప్పటికీ తృప్తి లేదు. ఆమె నిలబడుతుంది కాబట్టి వేయిద్దాం అన్న మాట సరిపోలేదు, నన్ను నేను ఆ తడి నేల మీద నిలబెట్టుకుంటే తప్ప.

గొయ్యి తవ్వుతుండగా మా అత్తయ్య కర్ర పట్టుకుని పెరట్లోకొచ్చింది. ఆవిడకి ఎనభై దాటాయి. ఆ గదిలో ఉతికినవి మడికి పనికిరావని ముందే చెప్పేసింది. తన మడిచీర ఇప్పటికీ తానే తడుపుకుంటుంది. మళ్ళీ ఏదో అడ్డు చెబుతుందనుకున్నాను. గది లోపలికి తొంగి చూసి, "గోడ ఎలాగూ తొలుస్తున్నారుగా, ఒక కిటికీ పెట్టించు" అంది. ఎక్కడ అత్తయ్యా అంటే తడుముకోకుండా తూర్పు గోడ మీద కర్రతో చూపించింది. పడుకుంటే తల వచ్చే చోటది. ఎన్నాళ్ళుగా ఆ చోటు ఆవిడ మనసులో ఉందో! అప్పట్లో మా మామగారిని అడిగిందట. మూడు రోజులకి కిటికీ ఎందుకన్నారట. కిటికీ పెట్టించాం. ఇప్పుడు ఆ కిటికీ లోంచి ఎండ సరిగ్గా మెషిన్ మీద పడుతుంది.

ఇక జీతం విషయానికి వస్తాను. ఇక్కడ తప్పు నాది.

గిన్నెలు, ఊడవడం, బట్టలు కలిపి ఆమెకు నెలకి ఇస్తున్న దాంట్లో బట్టల వాటా ఎనిమిది వందలు. మెషిన్ వచ్చింది కదా, అందులో సగం తగ్గిద్దామని ఇంట్లో అనుకున్నాం. చుట్టుపక్కల అందరూ అదే చేశారు. మొదటి నెల నేనే ఆమె చేతిలో నాలుగు వందలు తక్కువ పెట్టాను. ఆమె చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదని ఎన్ని ఊళ్ళల్లో చెప్పి ఉంటాను!

రెండో నెల వారం రోజులు గడియారం పెట్టుకుని కూర్చున్నాను. ముందు మోటారు వేసి తొట్టి నింపాలి. కాలర్లూ ముంజేతులూ పంచె అంచులూ సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దాలి. మెషిన్ ఆ మురికి వదిలించదు. రంగు పోయే మంగళగిరి చీరలూ కొత్త లుంగీలూ విడిగా తీసి చేత్తోనే ఉతకాలి. మెషిన్ తిరుగుతున్నంతసేపూ గిన్నెలు తోముతుంది, అంటే ఆ ముప్పావుగంట ఖాళీ కాదు. తర్వాత తడిబట్టలు బుట్టకెత్తి దండెం మీద వేయాలి, సాయంత్రం తీయాలి, మడతపెట్టాలి. నాపరాళ్ళు ఎగుడుదిగుడు కాబట్టి మెషిన్ గంతులేస్తుంటే మధ్యలో వెళ్ళి బట్టలు సర్దాలి. (తర్వాత కింద సిమెంటు దిమ్మె పోయించాం. ఈ పని మొదటే చేయవలసింది.) పోయిందల్లా బాదడం, పిండడం. అదేమీ చిన్న విషయం కాదు. "చేతులు హాయిగా ఉన్నాయమ్మగారూ, రాత్రి నిద్ర పడుతోంది" అని ఆమే చెప్పింది. యంత్రం వద్దని నేను అనడం లేదు. ఆ నిద్ర కోసమైనా అది కావాలి. కానీ గంటన్నర పని గంటా పావు అయింది, అంతే.

ఆ మిగిలిన పావుగంటని కూడా మేము ఉంచలేదు. ఇదివరకు దుప్పట్లు పదిహేను రోజులకోసారి ఉతికించేవాళ్ళం. మెషిన్ ఉందిగా అని వారానికోసారి చేశాం. తువ్వాళ్ళు రోజు మార్చి రోజు. గలీబులు, కర్టెన్లు, సోఫా గుడ్డలు కూడా వచ్చి చేరాయి. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాశారు, దాని పేరు 'మోర్ వర్క్ ఫర్ మదర్'. ఇంటి యంత్రాలు వచ్చాక గృహిణి పని గంటలు అనుకున్నట్టు తగ్గలేదనీ, శుభ్రత ప్రమాణాలు పెరిగాయనీ, లాండ్రీలకో మరొకరికో వెళ్ళే పని తిరిగి ఇంటికి, ఆమె ఒక్కదాని మీదికి వచ్చిందనీ అందులో చూపించారు. ఎప్పుడో చదివి మర్చిపోయాను. మా దండెం మీద వారానికి ఆరు దుప్పట్లు ఆరుతుంటే గుర్తొచ్చింది.

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో మొదటిసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే వాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దాని మీద గడుపుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళది 289 నిమిషాలకి తగ్గింది. పది నిమిషాలు! మగవాళ్ళది 88కి దిగింది. అంటే వాళ్ళకీ దాదాపు అంతే తగ్గింది. మన పది నిమిషాలు ఏ కుక్కరు మిగిల్చిందో ఏ మెషిన్ మిగిల్చిందో గానీ, వాళ్ళ చేతుల్లోకి మాత్రం పోలేదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మా ఇంటి బట్టల పని మా ఆమె చేస్తే అది ఈ లెక్కలోకి రాదు, కూలి పని అవుతుంది. తన ఇంటికెళ్ళి తన కుటుంబం బట్టలు ఉతికితేనే ఈ లెక్కలోకి వస్తుంది. ఉదయం ఒక లెక్కలో, సాయంత్రం మరో లెక్కలో ఉన్నవి అవే చేతులు.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కుటుంబానికి పరిహారం విషయం అది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాస్తూ ఆ 2019 సర్వే అంకెలనే ఎత్తి చూపి, గృహిణి శ్రమకి ఆదాయం లెక్క కట్టి తీరాలన్నారు. మంచి తీర్పే. అయితే ఆ విలువ కట్టింది ఆమె పోయాక. బతికుండగా ఎర్త్ తీగకి తొమ్మిది వేలు ఎక్కువ అనిపిస్తాయి. జీతానికి పనిచేసే వాళ్ళ పరిస్థితి ఇంకా పల్చన. గృహ కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించి సంతకం పెట్టలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టంలో మాత్రం ఇంటిపని చేసే వాళ్ళకి చోటు దొరికింది. ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. మన సంఘాలు ఆ చట్టంలో ఏం ఉండాలో రాసేటప్పుడు జీతం, సెలవు, వేధింపులతో ఆగిపోతున్నాయి. కరెంటు, నేల, వెలుతురు, చెప్పులు కూడా రాయాలి. ఫ్యాక్టరీలో మూడో తీగ లేకుండా యంత్రం పెడితే అడగడానికి ఇన్‌స్పెక్టరు ఉంటాడు. పెరటి గదికి ఎవరొస్తారు? పనికి పెట్టుకున్న వాళ్ళమే అడగాలి. పనికి పెట్టుకున్న వాళ్ళలో మనం కూడా ఉన్నాం. మీటింగుకి వచ్చే ముందు మన ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారో ఎవరికి వారికి తెలుసు.

తగ్గించిన నాలుగు వందలు తిరిగి ఇచ్చాను, పెరిగిన దుప్పట్లకు మరో రెండు వందలు కలిపాను. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. నేను ఏదో చెప్పబోతే, "సరేలెండమ్మగారూ" అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. క్షమాపణ వినే తీరిక కూడా ఆమెకు లేదు.

ఆ తర్వాత మూడు నెలలకు, వానలు పట్టినప్పుడు, ఆమె తనకై తాను ఒకటి అడిగింది. ముప్పై ఏళ్ళలో జీతం, పాత చీరలు, పండగ మామూలు తప్ప ఏమీ అడగని మనిషి. వాళ్ళ ఇంట్లో బొంతలు రెండున్నాయట, తడిస్తే ఎత్తలేకపోతోందట. ఆదివారం మన మెషిన్‌లో ఒకసారి తిప్పుకోవచ్చా అని.

నేను వెంటనే సరే అన్నానని రాస్తే బాగుండేది. ఒక్క క్షణం ఆగాను. మా దిండ్లు, మా చీరలు పడే తొట్టి కదా అన్న ఊహ నాకూ వచ్చింది. తరతరాలుగా మా ఇంటి ముట్టు గుడ్డలు మోసిన వాళ్ళ బొంతలు మా తొట్టిలో పడితే మాకేదో అవుతుందన్న ఊహ. ఆ క్షణం ఆమె చూసింది కూడా. తర్వాత తెచ్చుకోమన్నాను. తెచ్చుకుంది. బొంతలు తిరుగుతున్నంతసేపూ కొత్త కిటికీ దగ్గర కూర్చుని చూసింది.

మా ఆయన ఏమీ అనలేదు. కాకపోతే మర్నాటి నుంచి తన చొక్కాలు బుట్టలో వేయడం మానేసి విడిగా బకెట్‌లో నానబెట్టడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు ఉతుకుతారని కాబోలు. ఆ బకెట్ నేను ముట్టుకోలేదు. ఆమెనూ ముట్టుకోవద్దన్నాను. మూడో రోజుకి నీళ్ళు వాసన కొట్టాయి. నాలుగో రోజు ఆయనే రెండు చొక్కాలు బండ మీద వేసి రుద్దారు, అయిదోది సగంలో వదిలేశారు. పదో రోజు పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే బకెట్ పుచ్చుకుని పెరటి గదిలోకి వెళ్ళారు. కాసేపటికి లోపలి నుంచి కేక వేశారు, నీళ్ళు వచ్చే మీట ఏదని.

ఎడమ వైపుది అని ఆమే చెప్పింది.